ఆర్మెల్‌కి ఏమిష్టమో గుల్వెన్ గారికి తెలుసు

ఆర్మెల్‌కి ఏమిష్టం అని మా ప్లూమెనెక్ ఊళ్ళో ఎవరినడిగినా, "గుల్వెన్ గారినడగండి" అనేవారు. వెటకారానికి కాదు, ఊరంతా నిజంగానే అలా అనుకునేది. శుక్రవారం అట్ల అంగడికి వెళ్తే, "మా ఆవిడకి ఉత్త వెన్న అట్టు చాలు, సాసేజి పడదు" అని ఆవిడ భర్త గుల్వెన్ గారే చెప్పేవాడు. పడకపోవడమేమిటి, నా మొహం! పెళ్ళికి ముందు ఆ పిల్ల సంతలో నిలబడి రెండేసి సాసేజి అట్లు లాగించడం చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు. కానీ మొగుడు చెప్పాక పెళ్ళాం కడుపుకి సొంత అభిప్రాయం ఎందుకు?

చలికోటూ అంతే. బట్టల కొట్లో ఎర్రకోటు ఒకటి చేత్తో తడిమి చూసింది పాపం. "మా ఆవిడకి ఎరుపు నప్పదు," అన్నాడాయన. కొట్టువాడు సర్దుకున్నాడు, ఆర్మెల్ సర్దుకుంది, చివరికి ఎలక రంగు కోటు ఇంటికొచ్చింది.

గుల్వెన్ గారు ఫాదర్ల బడిలో ముప్ఫయ్యేళ్ళు డిసిప్లిన్ మాస్టరుగా చేశాడు. ఆయన బూటు చప్పుడు వింటే కుర్రాళ్ళు దగ్గు కూడా మింగేసేవారు. రిటైరయ్యాక కుర్రాళ్ళంతా పోయి భార్య ఒక్కతే మిగిలింది. బడి మొత్తానికి సరిపడే క్రమశిక్షణ ఒక్క మనిషి మీద పడితే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఆయన ఏనాడూ చెయ్యెత్తి ఎరగడు. ఆ మాట ఆయనే నలుగురిలో చెప్పుకునేవాడు, ఏదో పతకం చూపించినట్టు. నిజమే, చెయ్యెత్తలేదు. కనుబొమ్మ ఎత్తేవాడు. భోజనాల దగ్గర ఆర్మెల్ కాస్త గట్టిగా నవ్విందంటే ఫోర్కు కింద పెట్టి, ఆ నవ్వు చల్లారేదాకా కూర్చునేవాడు. స్నానాల గది తలుపుకి గడియ ఊడదీయించాడు. "కాలు జారి పడితే ఎలా?" అనేవాడు. ఆవిడ లోపలున్నంతసేపూ బయట నిలబడేవాడు. ఎంత ప్రేమో చూడండి!

ఇంత ప్రేమ మధ్య ఆర్మెల్‌కి మిగిలిన కోరిక ఒక్కటే. పాడాలి. గదిలో మూలన కూర్చుని కూనిరాగం తీయడం కాదు, డ్యాన్సు సావిట్లో నిలబడి జనాన్ని ఆడించేలా పాడాలి.

మా వైపు డ్యాన్సుకి వాయిద్యాలు ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. ఇద్దరు గొంతున్నవాళ్ళు చాలు. ఒకరు చరణం ఎత్తుకుంటారు, రెండోవారు దాని తోక కింద పడకముందే అందుకుని తిరిగి పాడతారు. మధ్యలో ఊపిరి తీసుకునే సందు ఉండదు. జనం చిటికెన వేళ్ళు కలుపుకుని వలయం కట్టి ఆడతారు. పదిహేడేళ్ళప్పటి నుంచీ ఆర్మెల్, ఆవిడ స్నేహితురాలు సొయిజిక్ ఒక జోడీ. సొయిజిక్ ఎత్తుకునేది, ఆర్మెల్ అందుకునేది. వాళ్ళ మిల్లువాడి పాట ఉందంటే చుట్టుపక్కల నాలుగూళ్ళు దిగేవి. అందులో ఒక పిల్ల, ఒక మిల్లువాడు, మెట్ల కింద దించాల్సిన ఒక పిండి బస్తా ఉంటాయి. బస్తా దించే చరణం దగ్గర ముసలమ్మలు కూడా కెవ్వుమనేవారు.

పెళ్ళైన వారానికే గుల్వెన్ గారు తేల్చేశాడు. "పదిమంది గెంతడానికి గొంతు అరువివ్వడం సంసారుల పనేనా?" అన్నాడు. ఆర్మెల్ మానేసింది. మానేసిందని ఆయన అనుకున్నాడు. ఆయన పేపరు చదువుకునే వేళ ఆవిడ మేడ మీద దుప్పట్ల బీరువా తెరిచి, మడతల మధ్య తల దూర్చి పాడుకునేది. దళసరి నార దుప్పట్లు, చప్పుడు బయటకి రానివ్వవు. "అంత పొందిగ్గా దుప్పట్లు సర్దే ఇల్లాలు జిల్లాలో లేదు" అని ఆయన గొప్పలు పోయేవాడు. ఇరవయ్యేడేళ్ళు ఆ బీరువాయే ఆవిడ డ్యాన్సు సావిడి.

ఆ ఏడాది శరత్కాలంలో సొయిజిక్ సినిమా హాలు టికెట్ల కిటికీ దగ్గరికి వచ్చింది. టికెట్లు చింపేది ఆర్మెలే. ఆ హాలు చర్చి వాళ్ళది, అందులో జీతాలెవరికీ లేవు, ఊళ్ళోవాళ్ళే తలా ఒక పని చేస్తారు.

"ఏమే, ఆదివారం మధ్యాహ్నం డ్యాన్సు ఉంది, సావిడి కప్పు బాగు చేయించడానికి. నా జోడీ మనిషి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయింది. నువ్వు రావాలి," అంది సొయిజిక్.

"ఆయన్నడగాలే."

"ఆయన్నెందుకు, ఆయనేమన్నా పాడతాడా?"

"అది కాదే..."

"ఏది కాదు? ఎప్పుడడిగినా ఇదే పాట. నీ గొంతు నీ మెడలో ఉందా, ఆయన జేబులో ఉందా? ఈ ఏడు కాకపోతే ఇంకెప్పుడే, కాటికి కాళ్ళు చాపుకున్నాకా?"

ఆ సాయంత్రం సూపు వడ్డిస్తూ అడిగింది. "ఏవండీ, ఆదివారం సొయిజిక్ పాడమంటోంది. వెళ్ళనా?"

ఆయన చెంచా కింద పెట్టాడు. "మా ఆవిడ పాడదు," అన్నాడు. ఎదురుగా నిలబడ్డ ఆవిడతోనే అన్నాడు! "సొయిజిక్‌తో అదే చెప్పు."

మర్నాడు బీరువాలో తల పెడితే పాట రాలేదు, ఏడుపొచ్చింది. ఆకలేసినట్టు వేసింది ఆవిడకి ఆ కోరిక. చచ్చేలోగా ఒక్కసారి, ఒక్క ఆదివారం. అంతే అడిగింది. అదీ లేదంటే ఈ గొంతు దేనికి అనుకుంది.

ఇక సినిమా సంగతి. మా పాత ఫాదర్ బతికున్న రోజుల్లో తెర మీద ముద్దొస్తే చాలు, ఆయన లేచి వెళ్ళి ప్రొజెక్టరు ముందు తన టోపీ అడ్డం పెట్టేవాడు. బొమ్మ పోయేది, చప్పుడు మాత్రం వస్తూనే ఉండేది. తెర మీద ముద్దు రెండు క్షణాలే. ఆ చీకట్లో మా ఊరివాళ్ళ ఊహల్లో మాత్రం అది పెళ్ళి దాకా, ఒక్కోసారి పురుడు దాకా వెళ్ళేది. ఆయన పోయాక ఫాదర్ తాంగి వచ్చాడు. కుర్రవాడు, మోపెడ్ మీద తిరుగుతాడు, తనే చుట్టుకున్న సిగరెట్టు కాలుస్తాడు. "అన్నీ చూపించండి, దేవుడు చూడనిదేముంది?" అనేశాడు. గుల్వెన్ గారు ఊరుకుంటాడా? సినిమా కమిటీ అధ్యక్షుడు మరి. టోపీ లేని లోటు బిస్కెట్ల పెట్టె అట్టముక్కతో తీర్చాడు. ప్రతి సినిమా ముందే ఒకసారి వేయించుకుని చూసి, ఎక్కడ అట్ట పెట్టాలో గుర్తు పెట్టుకునేవాడు. ప్రొజెక్టరు తిప్పే ఫాంచ్ మాంసం కొట్టు మనిషి. గుల్వెన్ గారు పక్కన నిలబడితే అతను నోరెత్తడు.

ఆ వారం పారిస్‌లో బహుమతులొచ్చిన సినిమా ఒకటి దిగింది. ఒక మందుల షాపాయన, ఆయన భార్య, వాళ్ళిల్లు. చూసినవాళ్ళకి నిద్ర పట్టడం లేదని పట్నంలో చెప్పుకున్నారు. గుల్వెన్ గారు గురువారం ఒంటరిగా చూసి, నిద్రకేం లోటు లేకుండా వచ్చి, తీర్పు చెప్పాడు. "చక్కటి సినిమా. గృహస్థు ఓపిక గురించి. ఒకే ఒక్క చోట అట్ట పడాలి. అందరూ భార్యలతో రండి, అయ్యాక చర్చ పెడదాం." బేకరీ కిటికీకి పోస్టరు కూడా ఆయనే అంటించాడు. కొరివితో తల గోక్కోవడమంటే విన్నాం గానీ, కొరివికి పోస్టరు వేయించినవాణ్ణి అప్పుడే చూశాం.

శనివారం మధ్యాహ్నం ఆటకి హాలు నిండింది. ఆర్మెల్ టికెట్లు చింపడం ముగించి మూడో వరసలో కూర్చుంది. వెనక వరసలో సొయిజిక్. ఆయన పైన, అట్టముక్కతో.

సినిమా మొదలైన కాసేపటికే మందుల షాపాయన భార్యని హోటలుకి తీసుకెళ్ళాడు. వెయిటరు ఆవిడ వైపు తిరిగాడు. "మా ఆవిడకి చేప పడదు," అన్నాడు షాపాయన. వెనకెక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. ఇంటికి చుట్టాలొస్తే ఆవిడ నోరు తెరవబోయింది. "మా ఆవిడకి అలసటగా ఉంది," అన్నాడు. తర్వాత ఆయన స్క్రూడ్రైవరు తెచ్చి స్నానాల గది తలుపు గడియ ఊడదీశాడు.

తమ ఇంటి గడియ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదనుకుంది ఆర్మెల్. బేకరీ ఓదిల్‌కి తెలుసు. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి గడియ కనపడక, ఎవరైనా వస్తారేమోనని లోపలున్నంతసేపూ దగ్గుతూ కూర్చున్న మనిషి. ఓదిల్ పక్కావిడ చెవిలో ఊదింది. పక్కావిడ ఇంకో చెవిలో ఊదింది. తలలు ఒక్కొక్కటే ఆర్మెల్ వైపు తిరిగాయి, అక్కడి నుంచి పైన ప్రొజెక్టరు గది కిటికీ వైపు లేచాయి. ఆర్మెల్ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నా, ఆ ఇంట్లో తర్వాతేం జరుగుతుందో చూడకుండా ఉండలేకపోయింది.

తెర మీది భార్య మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తోంది. చేస్తూ చేస్తూ కాలుతున్న ఇస్త్రీపెట్టెని తన మణికట్టుకి ఆనించుకుంది. మొహంలో ఏమీ లేదు. అలాగే ఉంచుకుంది. హాల్లో ఆడవాళ్ళు "అయ్యో!" అన్నారు. ఒకాయన లేచి బయటకి పోయాడు. పైన గుల్వెన్ గారు ఫాంచ్ భుజం తట్టి, "చూశావా, ఇలాంటి మతిలేని దాంతో ఆ పెద్దమనిషి ఎంత ఓపిగ్గా వేగుతున్నాడో!" అన్నాడట. ఫాంచ్ ఈ మాట తర్వాత కొట్లో మాంసం కొడుతూ, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాడు.

అది ఆయనకి అట్ట పెట్టాల్సినంత తప్పుగా కనపడలేదు. గడియా కనపడలేదు. మరి అట్ట ఎక్కడ పడిందీ? తెర మీది ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు రేడియో పెట్టుకుని, లోపావడాతో, వంటింట్లో చెప్పుల్లేకుండా డ్యాన్సు చేసే చోట పడింది. పక్కన మగవాడు లేడు, ముద్దు లేదు. ఒంటరి ఆడది ఆనందంగా ఉండటం, అదీ మా ఊరు చూడకూడని బూతు!

హాలంతా చీకటైంది. రేడియో పాటా, నేల మీద పాదాల చప్పుడూ వస్తూనే ఉన్నాయి. ఆ చీకటి ఆర్మెల్‌కి కొత్తది కాదు. దుప్పట్ల మధ్య ఉన్నదీ ఇదే చీకటి. ఆవిడ అనుకుని చేయలేదు. రేడియో పాట తోక పడిపోతుండగా గొంతు దానంతటదే వెళ్ళి అందుకుంది. సన్నగా, మాటల్లేకుండా, ఒక్క వరస. వెనక నుంచి సొయిజిక్ దాని తోక అందుకుంది. ఎవరూ కదల్లేదు. ప్రొజెక్టరు రొదలో పైన ఆయనకేం వినపడలేదు. అట్ట తీసేశాడు, బొమ్మ వచ్చింది, ఆర్మెల్ గొంతు టక్కున ఆగిపోయింది.

సినిమా అయ్యాక లైట్లు వేశారు, ఆపిల్ కల్లు, అదే సిడర్, సీసాలు తెరిచారు, కేకు కోశారు. కేకు ఎవరూ ముట్టుకోలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. గుల్వెన్ గారు తడుముకోలేదు సరికదా, దొంగకి సన్మానం చేద్దామన్నాడు. తెర ముందు నిలబడి, "ఆ షాపాయన సహనం నుంచి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది" అని మొదలుపెట్టాడు. ఇల్లన్నాక ఒక కట్టుబాటు ఉండాలన్నాడు. ఎవరూ దగ్గలేదు. ముప్ఫయ్యేళ్ళు బడిలో విన్న నిశ్శబ్దమే కాబట్టి ఆయన దాన్ని గౌరవం అనుకున్నాడు.

ఫాదర్ తాంగి సిగరెట్టు ఆర్పి, "ఆర్మెల్ గారూ, మీకేమనిపించింది?" అని అడిగాడు.

"మా ఆవిడకి అలసటగా ఉంది," అన్నాడు గుల్వెన్ గారు.

ముందు పైన కిటికీలోంచి ఫాంచ్ నవ్వాడు. తర్వాత ఓదిల్. ఆ తర్వాత ఇక ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో చెప్పలేం, హాలు కప్పు ఎగిరిపోయింది. బల్లలు చరిచారు, కళ్ళు తుడుచుకున్నారు. గుల్వెన్ గారు తన వెనకేదో జరుగుతోందనుకుని తిరిగి తెర వైపు చూశాడు. తెల్లటి తెర. అప్పుడు అర్థమైంది పాపం. మెడ నుంచి పైకి ఎర్రబడుతూ వచ్చాడు.

ఆర్మెల్ నవ్వలేదు. లేచి నిలబడింది.

"నాకు అలసటేం లేదు. రేపు నేను పాడతాను," అంది.

అంత ఎర్రబడిన మనిషి ఏం చేస్తాడోనని అందరం చూశాం. ఏం చేశాడో తెలుసా? చిరునవ్వు నవ్వాడు! "అదే చెప్పబోతున్నా. పాడమని ఎన్నాళ్ళ నుంచి బతిమాలుతున్నానో! ఇప్పటికి ఒప్పుకుంది," అన్నాడు. పిల్లిని ఎలా పడేసినా నాలుగు కాళ్ళూ నేలకే. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది ఆయనే.

ఆదివారం ఆయనే కారులో తీసుకొచ్చాడు. టై కట్టాడు. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందరికీ, "మా ఆవిడ పాడుతోంది, నేనే ప్రోత్సహించాను" అని చేతులు కలిపాడు. దారిలో ఆర్మెల్‌కి ఏర్పాట్లు చెప్పేశాడు. "మిల్లువాడి పాట వద్దు. గొర్రెల కాపరి పాట పాడు. ఒక్కటి చాలు. గొంతు మరీ ఎత్తకు."

ఎదురు వరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సొయిజిక్ గొర్రెల కాపరిని ఎత్తుకుంది. వలయం కదిలింది. ఆర్మెల్ అందుకోబోతే మొదట గొంతు జీరబోయింది. రెండోసారి దొరికింది. మూడోసారి నిండుగా వచ్చింది. ఆ సంతోషం ఆవిడకి ఒళ్ళంతా పాకింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అప్పుడు చూపు ఎటు పోయింది? సావిడంతా వదిలేసి ఆయన వైపే పోయింది. ఆయన అరచెయ్యి కిందకి ఊపాడు, తగ్గించు అని. గొంతు తగ్గింది. సొయిజిక్ ఆవిడ కాలు కసిదీరా తొక్కింది.

పాట అయింది. జనం వేళ్ళు వదలకుండా రెండో దానికోసం చూస్తున్నారు. గుల్వెన్ గారు చేతి మీద ఎలక రంగు కోటు వేసుకుని, ఆగి ఉన్న వలయంలోంచి దారి చేసుకుని వేదిక దగ్గరికి వచ్చాడు. మైకు ముందు నిలబడ్డాడు.

"మా ఆవిడకి అలవాటు తప్పింది, ఇవాళ్టికి చాలు. వచ్చే ఆదివారం పక్కూళ్ళో పాడుతుంది. నేను మాట్లాడి పెడతాను. ఏ పాటలనేది కూడా చూసి చెబుతాను," అన్నాడు.

ఆర్మెల్ వింది. కోరింది దొరికింది కదా, ఇంకేం కావాలి? పాట దొరికింది, దానికి గడియ తీసేసిన తలుపు కూడా దొరికింది. ఇక ఈ పాట బయట కూడా ఆయన నిలబడతాడు, చచ్చేదాకా. ఆవిడకి ఒక్కసారిగా పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో ఏమో ఆ కోపం.

"నిన్నెవరడిగారు?" అంది.

మైకులో పడింది ఆ మాట.

"ఆఁ?" అన్నాడాయన.

"నిన్నెవరడిగారు గుల్వెన్ మాట్లాడమని? నువ్వింటికి పో. సూపు గిన్నెలో ఉంది, వేడి చేసుకో."

"మరి నువ్వు?"

"కనపట్టం లేదా? నేను పాడుతున్నా." సొయిజిక్ వైపు తిరిగింది. "ఈసారి నేనెత్తుకుంటా. తోక నువ్వందుకో."

ఎత్తుకుంది మిల్లువాణ్ణి. వలయం ఒక్క ఊపున కదిలింది. అప్పటికే మైకు వదిలి బయల్దేరిన గుల్వెన్ గారు పాపం వేదికకీ తలుపుకీ మధ్య, సరిగ్గా వలయం నడిమధ్యలో ఉన్నాడు. ఆడుతున్న వలయాన్ని తెంపడం మా వైపు మహా అమర్యాద, ఎవరూ వేలు వదలరు. మర్యాదల మనిషి, ఆయన ఎలా తెంపుతాడు? కోటు పట్టుకుని నిలబడ్డాడు. ఊరు ఊరంతా ఆయన చుట్టూ తిరిగింది. పిండి బస్తా మెట్ల కిందకి దిగింది, ముసలమ్మలు కెవ్వుమన్నారు, ఆర్మెల్ గొంతు కప్పుకి తగిలింది. కప్పు ఎలాగూ బాగు చేయించాల్సిందే. చివరికాయన ఓదిల్ చేతి కింద నుంచి వంగి, టై నేలకి రాస్తుండగా బయటపడ్డాడు.

సోమవారం పొద్దున్న ఓదిల్ వేడి రొట్టె పట్టుకుని సొయిజిక్ ఇంటికి వచ్చింది. ఆర్మెల్ అక్కడే ఉంది. డ్యాన్సు అయ్యాక ఆవిడకి ఇంటి దారి పట్టబుద్ధి కాలేదు, సొయిజిక్‌తో వచ్చేసింది. ఓదిల్‌ది గుల్వెన్ గారి ఎదురిల్లు, కిటికీ దగ్గర కుర్చీ ఎప్పుడూ ఉంటుంది. కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"నిన్న వస్తూనే లోపల గడియేసుకున్నాడమ్మా. తలుపు వెనకాలే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కిటికీ తలుపులు మూయడం మర్చిపోయాడు, అంతా కనపడింది. నువ్వు తలుపు కొడతావనీ, బతిమాలతావనీ చూశాడల్లే ఉంది. పొద్దున్న అదే టైతో బయటకొచ్చి నన్నడిగాడు. 'మా ఆవిడ రాత్రి తలుపు కొట్టిందా? నాకు కునుకు పట్టింది, వినపడలేదేమో' అని. లేదండీ, ఆవిడసలు ఈ వీధిలోకే రాలేదన్నాను. 'సరిగ్గా చూశారా?' అని మళ్ళీ అడిగాడు."

"గడియేసుకున్నాడా? నాకు తెలియనే తెలియదు," అంది ఆర్మెల్.

తర్వాత లేచింది. శాలువా కప్పుకుని గుమ్మం దాకా వెళ్ళింది. తలుపు పిడి మీద చెయ్యి వేసింది. సొయిజిక్, ఓదిల్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆయనకి గ్యాసు పొయ్యి వెలిగించడం రాదే," అంది ఆర్మెల్, వాళ్ళ వైపు తిరక్కుండానే. "సూపు చల్లటిదే తిన్నాడో, అసలు తినలేదో."

"అగ్గిపెట్టె ఎక్కడుంటుందో ఆయనకి తెలుసుగా?" అంది సొయిజిక్.

"పొయ్యి పక్కనే ఉంటుంది."

ఆర్మెల్ పిడి పట్టుకుని ఇంకాసేపు నిలబడింది. ఆవిడకి జాలి వేసింది, నిజంగానే వేసింది. అదే ఆవిడని ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో కట్టి పడేసింది. తర్వాత వెనక్కి వచ్చి బల్ల దగ్గర కూర్చుంది.

"వెతుక్కోనీ," అని రొట్టె తుంచుకుంది.